బ్రైటన్‌ను విడిది పట్టణం చేసింది యువరాజు కాదు

మీ ప్రశ్న సారాంశం ఇది. చదువు కోసం ఇంగ్లండ్‌లోని ససెక్స్ యూనివర్సిటీకి వెళ్తున్నారు. పక్కనే ఉన్న బ్రైటన్ నాలుగో జార్జ్ రాజు యువరాజుగా ఉన్నప్పుడు కట్టించిన ఊరని చదివారు. అది నిజమేనా, జాలర్ల ఊరు అంత పేరున్న సముద్రతీర విడిదిగా ఎలా మారింది, వెళ్లాక ఆ చరిత్రను ఎక్కడ చూడొచ్చు అని అడిగారు.

మొదటిదానికి సూటిగా జవాబు: నిజం కాదు. యువరాజు జార్జ్ అక్కడికి మొదటిసారి వెళ్లింది 1783 సెప్టెంబరులో. అప్పటికి ముప్పై ఏళ్లుగా లండన్ డబ్బున్నవాళ్లు సముద్రస్నానం కోసం బ్రైటన్ వస్తూనే ఉన్నారు. ఆయన బాబాయి కంబర్లండ్ డ్యూక్ అక్కడ ఇల్లు అద్దెకు తీసుకుని ఉండేవాడు, యువరాజు ఆయన దగ్గరికే వెళ్లాడు. ఊరికి పేరు వచ్చాక వచ్చినవాడే తప్ప పేరు తెచ్చినవాడు కాదు. ఆ పేరును పదింతలు చేశాడు, అది మాత్రం ఒప్పుకోవాలి. అసలు కారణం లండన్‌కి బ్రైటన్ ఎంత దూరంలో ఉందన్నది: యాభై మైళ్లు, అంటే 80 కిలోమీటర్లు. గుర్రపు బండికి ఒక రోజు, మంచి రోడ్డు పడ్డాక ఐదారు గంటలు, రైలుకి రెండు గంటలు, కరెంటు రైలుకి ఒక గంట. ఈ ప్రయాణ సమయం తగ్గిన ప్రతిసారీ వచ్చే జనం మారారు, జనంతో పాటు ఊరూ మారింది. చరిత్రను ఈ వరసలో చదవండి, రాజుల వరసలో చదివితే సగం విషయాలు అర్థం కావు.

ముందు ఊరి పాత స్థితి. 1086 నాటి డోమ్స్‌డే అనే భూముల సర్వేలో ఇక్కడి ఒక భూమికి శిస్తు 4,000 హెర్రింగ్ చేపలు అని రాసి ఉంది. రేవు లేదు, నది లేదు. పడవల్ని గులకరాళ్ల మీదికి లాక్కోవాల్సిందే. 1514లో ఫ్రెంచివాళ్లు దిగి ఊరు తగలబెట్టారు. అంతకన్నా పెద్ద నష్టం సముద్రం వల్ల జరిగింది. సుద్దకొండ అంచు కింద, తీరం మీదే జాలర్ల గుడిసెలు, దుకాణాలతో ఒక కింది ఊరు ఉండేది. 1703, 1705 తుపానులు దాన్ని ఊడ్చేశాయి. 1720ల్లో ఇంగ్లండ్ అంతా తిరిగిన రచయిత డానియెల్ డిఫో, ఊరిని కాపాడే కట్టడాలకి 8,000 పౌండ్లు కావాలని దేశమంతా చందాలు అడుగుతున్నారని, ఊళ్లో ఇళ్లన్నీ కలిపినా అంత విలువ చేయవని రాశాడు. జనం తగ్గిపోయి, ఇళ్లు ఖాళీ పడి, స్థలాలు కారుచవకయ్యాయి. బయటివాళ్లు వచ్చి అద్దెకుండటానికి, కొనుక్కుని కట్టుకోవటానికి వీలు దొరికింది అందుకే. చాలా పుస్తకాలు ఈ సంగతి దాటవేస్తాయి. పదిహేడో శతాబ్దంలో ఉన్నంత సందడిగా చేపల వ్యాపారం సాగుతూనే ఉంటే ఈ ఊరు విడిది అయ్యేది కాదన్నది నా అభిప్రాయం.

సముద్రం ఎందుకు కోసేసిందో కూడా ఇక్కడే చెప్పాలి, తర్వాతి కథకంతటికీ అది ఆధారం. ఇంగ్లిష్ ఛానెల్లో అలలు ఎక్కువగా నైరుతి నుంచి ఏటవాలుగా వచ్చి తీరాన్ని కొడతాయి. ప్రతి అలా గులకరాళ్లను కొద్దిగా తూర్పుకి నెడుతుంది. పడమటి నుంచి కొత్త రాళ్లు వస్తున్నంత కాలం తీరం నిలబడుతుంది. రాక తగ్గితే గులకరాళ్ల పొర పలచబడి అలలు నేరుగా సుద్దకొండను తాకుతాయి, సుద్ద మెత్తన కాబట్టి కూలిపోతుంది. దీనికి విరుగుడు గ్రోయిన్, అంటే తీరం నుంచి సముద్రంలోకి అడ్డంగా కట్టే గోడ. మొదట కొయ్యతో, తర్వాత కాంక్రీటుతో కట్టారు. గ్రోయిన్‌కి పడమటి పక్క రాళ్లు పేరుకుంటాయి, తూర్పు పక్క ఖాళీ అవుతుంది. ఒకటి కడితే దాని తూర్పున ఇంకోటి కట్టాలి, దాని తూర్పున మరోటి. బ్రైటన్ తీరం పొడవునా ఇవి వరసగా కనిపించేది అందుకే. విశాఖలో రేవు అడ్డుగోడల తర్వాత ఆర్కే బీచ్‌కి ఇసుక కరువైన సంగతి తెలిసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. అక్కడ ఇసుక, ఇక్కడ గులకరాళ్లు, అంతే తేడా.

ఇప్పుడు వైద్యం సంగతి. బ్రైటన్ పక్కనున్న లూయిస్ పట్టణంలో రిచర్డ్ రస్సెల్ అనే వైద్యుడు గ్రంథుల వాపులకి సముద్రపు నీరు మందని 1750లో లాటిన్‌లో ఒక గ్రంథం రాశాడు. రెండేళ్లకే అది ఇంగ్లిష్‌లోకి వచ్చింది. నది కలిసేచోట నీళ్లలో ఉప్పు పలచబడుతుంది కాబట్టి నదీముఖానికి దూరంగా ఉన్న తీరమే మంచిదని ఆయన వాదన. రేవు కట్టుకోవడానికి పనికిరాని బ్రైటన్ ఈ లెక్కకి సరిగ్గా సరిపోయింది. 1753లో ఊరి మైదానం స్టెయిన్‌కి దక్షిణపు కొసన తన ఇల్లు కట్టుకున్నాడు. రోగులు అందులోనే దిగేవారు. సముద్రస్నానం ఆయన కనిపెట్టింది కాదు. ఉత్తరాన స్కార్‌బరోలో స్నానపు బండి 1735 నాటి చిత్రంలోనే కనిపిస్తుంది. కానీ స్కార్‌బరో లండన్‌కి మూడు వందల కిలోమీటర్ల పైమాటే. మార్గేట్ కూడా పోటీకి ఉండేది, అయితే థేమ్స్ మీదుగా పడవలో చవగ్గా వెళ్లొచ్చు కాబట్టి అక్కడికి మధ్యతరగతి వెళ్లింది. సొంత బండి ఉన్నవాళ్లు బ్రైటన్ పట్టారు.

ఆనాటి పద్ధతిలో రోగి సముద్రపు నీళ్లు తాగాలి, మునగాలి. తాగే మోతాదు అర పైంట్, దాదాపు 280 మిల్లీలీటర్లు. సముద్రపు నీళ్లలో ఉప్పు మూడున్నర శాతం కాబట్టి ఆ గ్లాసులో పది గ్రాముల ఉప్పు ఉంటుంది. అది విరేచనాలకి పని చేస్తుంది, కడుపు ఖాళీ అవుతుంది, రోగికి మందు పనిచేసిందన్న నమ్మకం కలుగుతుంది. ఎక్కువ తాగితే ఒంట్లో నీరు పోయి ప్రమాదం. ఇప్పుడు ఎవరూ ప్రయత్నించకూడదు. మునగడానికి చలికాలమే మేలని, తెల్లవారుజామున మునగాలని చెప్పేవారు. ఈత కాదు, ఒకటి రెండు మునకలు, వెంటనే బయటికి. ఎండ కోసం, ఈత కోసం సముద్రానికి వెళ్లడం చాలా తర్వాతి అలవాటు.

స్నానపు బండి అంటే నాలుగు చక్రాల మీద చిన్న కొయ్య గది. ఒడ్డువైపు ఒక తలుపు, నీటివైపు ఒక తలుపు, మెట్లు. మనిషి లోపలికెక్కి బట్టలు మార్చుకుంటుంటే గుర్రం బండిని నీళ్లలోకి తీసుకెళ్తుంది. నీటివైపు తలుపు తీసుకుని మెట్ల మీంచి దిగాలి. బ్రైటన్ గులకరాళ్ల ఒడ్డు నిటారుగా ఉంటుంది కాబట్టి వెనక్కి లాగడానికి ఒడ్డున తాడు చుట్టే రాట్నం వాడేవారు. ఆడవాళ్లని ముంచడానికి ఆడ మనిషి, మగవాళ్లకి మగ మనిషి నీళ్లలో నిలబడి ఉండేవారు. అల వచ్చే సమయానికి రోగిని పట్టుకుని ముంచి పైకి తీయడం వాళ్ల పని. నీటి లాగుడు బాగా తెలిసిన జాలరి కుటుంబాలకే ఈ పని దక్కింది. వాళ్లలో మార్తా గన్ పేరు దేశమంతా తెలుసు. 1726లో పుట్టి 1815లో పోయింది, సమాధి సెయింట్ నికొలస్ చర్చి ఆవరణలో ఉంది. చేపల మీద బతికిన ఊరు స్నానాల మీద బతికే ఊరుగా మారడం ఒక్క మనిషి జీవితంలో చూడాలంటే ఆమెనే చూడాలి.

చలి నీళ్లు పడనివాళ్ల కోసం 1769లో ఆసిటర్ అనే వైద్యుడు పూల్ వ్యాలీలో సముద్రపు నీటిని వేడి చేసి ఇచ్చే స్నానశాల తెరిచాడు. ఈ దారిలోనే మనవాడొకడు వస్తాడు. షేక్ దీన్ మహమ్మద్ 1759లో పట్నాలో పుట్టాడు. ఈస్టిండియా కంపెనీ బెంగాల్ సైన్యంలో పనిచేసి, ఐర్లండ్ వెళ్లి స్థిరపడి, 1810లో లండన్‌లో భారతీయ వంటల హోటల్ పెట్టి, రెండేళ్లకే దివాలా తీసి, 1814లో బ్రైటన్ చేరాడు. 1821లో సముద్రం ఎదురుగా ఆయన స్నానశాల లేచింది. ముందు మూలికలు వేసిన ఆవిరిలో రోగిని కూర్చోబెడతారు. చుట్టూ ఫ్లానెల్ గుడ్డతో డేరా ఉంటుంది. ఆ గుడ్డలో చేతులు దూర్చే కంతలు, బయట నిలబడ్డ మనిషి వాటిలోంచి చేతులు పెట్టి ఒళ్లు మర్దన చేస్తాడు. ఆవిరి పోదు, రోగి మర్యాదకీ లోటు రాదు. కీళ్ల నొప్పులవాళ్లకి హాయి అనిపించింది, ఊళ్లోని వైద్యులే రోగుల్ని పంపేవారు. నాలుగో జార్జ్, తర్వాత నాలుగో విలియం ఇద్దరి దగ్గరా ఆయనకి పదవి ఉంది. 1851లో పోయాడు, సమాధి మార్తా గన్ సమాధి ఉన్న ఆవరణలోనే. స్నానశాల ఉన్నచోట ఇప్పుడు క్వీన్స్ హోటల్ ఉంది.

యువరాజు సంగతి. 1786లో స్టెయిన్ పక్కన ఒక ఇల్లు తీసుకున్నాడు, 1787లో హెన్రీ హాలండ్ దాన్ని పెద్ద భవనంగా మార్చాడు, అదే ఇప్పటి రాయల్ పెవిలియన్. 1803 నుంచి 1808 మధ్య విలియం పోర్డెన్ గుర్రాల కోసం 80 అడుగుల వ్యాసం గుమ్మటంతో శాల కట్టాడు. ఇప్పుడు అది డోమ్ అనే కచేరీ హాలు. 1815 నుంచి జాన్ నాష్ పాత భవనం మీద పోత ఇనుప చట్రం నిలబెట్టి, దానిపైన ఉల్లిపాయ ఆకారపు గుమ్మటాలు, మినార్లు వేశాడు. బయట మొగలు తీరు, లోపల చైనా తీరు. భారతదేశం వచ్చి వెళ్లిన డానియెల్ చిత్రకారుల బొమ్మల నుంచే ఆ రూపాలు వచ్చాయి, నాష్ భారతదేశం చూడలేదు. ఇక్కడ దెబ్బతిన్నది పైకప్పు. లోహపు రేకులకి బదులు నాష్ డిల్స్ మాస్టిక్ అనే లేపనం నమ్ముకున్నాడు. ఇనుము ఎండకి సాగి చలికి ముడుచుకుంటుంది, పైన గట్టిపడ్డ లేపనం సాగదు. కొద్ది ఏళ్లలోనే చీలికలు పడి లోపలికి నీళ్లు దిగాయి. ఆ భవనానికి మరమ్మతు అప్పట్నుంచీ ఆగలేదు. విక్టోరియా రాణికి ఊరి రద్దీ నచ్చలేదు, 1845 తర్వాత మళ్లీ రాలేదు. 1850లో సుమారు 53 వేల పౌండ్లకి ఊరివాళ్లే కొనుక్కున్నారు. కూల్చి ప్లాట్లు వేయాలన్న మాట కూడా వచ్చింది, కొనాలన్న పక్షం ఓటింగులో కొద్దిపాటి తేడాతో గెలిచింది.

ఊరి పెరుగుదలకి జనాభా లెక్కలు చూడండి: 1801లో 7,339, 1831లో 40 వేల పైన, 1841లో 46 వేల పైన, 1851లో 65 వేల పైన. 1831 వరకు దూకుడు, 1831 నుంచి 1841 దాకా దాదాపు ఆగుదల, మళ్లీ 1841 తర్వాత దూకుడు. రాజు పోయింది 1830లో, రైలు వచ్చింది 1841లో. రాజు పేరు మీద ఊరు ఎంత పెరగగలదో అంత పెరిగి ఆగిందని, రైలే మళ్లీ లేపిందని ఈ నాలుగు అంకెలు చెబుతాయి.

ఆ మొదటి దూకుడులో కట్టిన ఇళ్ల గురించి ఒక్క మాట, మీరు అద్దెకి దిగబోయేది బహుశా అలాంటి ఇంట్లోనే కాబట్టి. తెల్లటి సున్నపు పూత, వంపు కిటికీలతో అందంగా కనిపించే చాలా ఇళ్ల గోడల లోపల ఇటుక ఉండదు. పలకల మధ్య విరిగిన ఇటుకలు, చెకుముకి రాళ్లు, గులకరాళ్లు, సుద్ద ముక్కలు పోసి సున్నంతో పట్టించారు. దీన్ని అక్కడ బంగరూష్ అంటారు. త్వరగా, చవగ్గా కట్టి అద్దెకివ్వడానికి ఆ పద్ధతి. ఈ గోడకి కొద్దిపాటి తేమ ఉండాలి, అది బయటికి పోయే దారీ ఉండాలి. సున్నపు పూత ఆ దారి ఇస్తుంది. దానిమీద సిమెంటు పూస్తే నీరు లోపలే చిక్కుతుంది, సున్నం పట్టు వదిలి గోడ ఉబ్బి కింద జారిపోతుంది. గది చూసేటప్పుడు గోడ అడుగున ఉబ్బు, రాలే పొడి, ఉప్పు తెల్లగా పూసిన మరకలు, బయటి గోడకి సిమెంటు అతుకులు ఉన్నాయేమో చూడండి. కొన్నిచోట్ల నల్లగా మెరిసే ఇటుకల్లా కనిపించేవి నిజానికి కొయ్య చట్రానికి వేలాడదీసిన పెంకులు. ఉప్పుగాలిని తట్టుకోవడానికి అవి ఇటుకకన్నా మేలు. ఇదంతా అప్పుల మీద కట్టిన కట్టడమే. తూర్పున కెంప్ టౌన్ కట్టించిన థామస్ రీడ్ కెంప్ 1823లో 250 ఇళ్లు అనుకుని మొదలుపెడితే 106 పూర్తయ్యాయి. ఆయన అప్పులవాళ్లకి అందకుండా 1837లో ఫ్రాన్సు వెళ్లిపోయి అక్కడే పోయాడు.

రేవు లేని లోటు తీర్చడానికి 1823 నవంబరులో చెయిన్ పియర్ తెరిచారు. పియర్ అంటే ఒడ్డు నుంచి సముద్రంలోకి కట్టిన వంతెన. నౌకాదళ అధికారి శామ్యూల్ బ్రౌన్ కట్టాడు. ఫ్రాన్సులోని డియెప్ వెళ్లే ఓడలకి అది దిగుడు రేవు. పొడవు 1,154 అడుగులు. ఓక్ గుంజల మీద నాలుగు చోట్ల పోత ఇనుప గోపురాలు, వాటి మీదుగా గొలుసులు, గొలుసులకి వేలాడే నడకదారి, గొలుసుల కొస కొండలో పాతుకుని ఉంటుంది. సముద్రపు వంతెనను వేలాడే వంతెనగా కట్టాడన్నమాట. లోపం కూడా అక్కడే ఉంది. నడకదారికి తగినంత బిగువు లేదు. 1833, 1836 తుపానుల్లో గాలికి నడకదారి మొదట పైకీ కిందికీ ఊగి, తర్వాత అటొక అంచు ఇటొక అంచుగా మెలి తిరిగి తెగింది. 1836 నాటి మెలిక బొమ్మ గీసి ఉంది. అమెరికాలో 1940లో కూలిన టకోమా వంతెన ఊగిన తీరు దాదాపు అదే. పాఠం చేతిలో ఉండగా నూరేళ్లు ఎవరూ సరిగ్గా చదవలేదన్నది బాధ కలిగించే విషయం. ఇంతలో పక్కనున్న న్యూహేవెన్ రేవుకి రైలు పడి ఓడలు అటు పోయాయి. చెయిన్ పియర్‌కి మిగిలింది రెండు పెన్నీలిచ్చి షికారు చేసే జనం. సముద్రం మీద నడవడానికే డబ్బిచ్చే జనం ఉన్నారని ఊరికి తెలిసింది దానివల్లే, తర్వాతి పియర్లు అందుకోసమే కట్టారు.

లండన్ నుంచి రైలు 1841 సెప్టెంబరు 21న వచ్చింది. దారిలో ఊజ్ లోయ మీద 37 కమానుల వంతెన, క్లేటన్ దగ్గర రెండు కిలోమీటర్లు దాటిన సొరంగం ఉన్నాయి. ఆదివారం చవక టిక్కెట్ల ప్రత్యేక రైళ్లు మొదలయ్యాక పనివాళ్లు, గుమస్తాలు ఒక్క రోజు కోసం రాగలిగారు. పెద్దింటివాళ్లు వాళ్లతో కలవడం ఇష్టంలేక తమ రాకను అక్టోబరు తర్వాతికి మార్చుకున్నారు. ఒకే ఊరికి రెండు సీజన్లు ఏర్పడ్డాయి, వేసవిలో రోజు జనం, శీతాకాలంలో నెలల తరబడి ఉండే జనం. 1864లో గ్రాండ్ హోటల్, 1890లో మెట్రోపోల్ ఈ రెండో రకం కోసం కట్టినవి.

రద్దీ ఖర్చు కూడా చెప్పాలి. 1861 ఆగస్టు 25, ఆదివారం, బ్రైటన్ నుంచి మూడు రైళ్లు కొద్ది నిమిషాల తేడాలో బయల్దేరాయి. మధ్యలో ఐదు నిమిషాలు ఉండాలని నియమం, పాటించలేదు. క్లేటన్ సొరంగం ముందు మొదటి రైలు దాటాక సిగ్నల్ తనంతట తాను ఆపు గుర్తుకి తిరగాలి, తిరగలేదు. కాపలా మనిషి రెండో రైలుకి ఎర్రజెండా ఊపాడు గానీ అది లోపలికి వెళ్లిపోయింది. డ్రైవరు జెండా చూశాడు, సొరంగంలోనే ఆపి వెనక్కి నడపడం మొదలెట్టాడు. ఇది తెలియని కాపలా మనిషి అవతలి కొసకి తంతి కొట్టి దారి ఖాళీయా అని అడిగితే ఖాళీ అని వచ్చింది. అవతలివాడు చెప్పింది మొదటి రైలు గురించి, ఇవతలివాడు అనుకున్నది రెండో రైలు గురించి. మూడో రైలుని పంపేశాడు. 23 మంది చనిపోయారు. సమయాన్ని బట్టి కాక, ఒక భాగంలో ఒకే రైలు ఉండాలన్న బ్లాక్ పద్ధతి వైపు ఆ దేశపు రైల్వేలు కదలడానికి ఈ ప్రమాదం ఒక ముఖ్య కారణం.

మరో ఖర్చు మురుగు. ఇంతమంది చేరిన ఊరి మురుగు నేరుగా స్నానాల తీరానికే పోయేది, ఆరోగ్యం కోసం వచ్చేవాళ్ల మధ్యకి. తీరం వెంబడి పెద్ద అడ్డు కాలువ తవ్వి, మురుగంతా పట్టి, చాలా దూరం తూర్పున పోర్టోబెల్లో దగ్గర సముద్రంలో కలిపే ఏర్పాటు 1874కి పూర్తయింది. తూర్పుకే ఎందుకంటే, కెరటాల నెట్టుడు అటే. విడిది పట్టణానికి పియర్ కన్నా ఈ కాలువే ముఖ్యం, కానీ దాన్ని ఎవరూ పోస్టుకార్డు మీద వేయలేదు.

వెస్ట్ పియర్ 1866లో తెరుచుకుంది. యూజీనియస్ బర్చ్ చెయిన్ పియర్ తప్పు చేయలేదు. వేలాడదీయకుండా, కొసన మర ఉన్న పోత ఇనుప స్తంభాలను సముద్రపు నేలలోకి తిప్పి దించి, మధ్యలో అడ్డ కడ్డీలతో బిగించాడు. స్తంభాలు సన్నవి, మధ్య ఖాళీ ఎక్కువ, అల గుద్దుకోకుండా దాటిపోతుంది. ఆ పద్ధతి బాగానే నిలిచింది. చివరికి దాన్ని కూల్చింది డబ్బులేక ఆగిన మరమ్మతు. ఉప్పునీటిలో తడిసీ ఆరే మధ్య భాగంలోనే ఇనుముని తుప్పు ఎక్కువ తినేస్తుంది, రంగు ఏటా వేయాలి. 1975లో మూసేశారు. 1982లో అత్యున్నత స్థాయి వారసత్వ కట్టడమని గుర్తింపు ఇచ్చారు, గుర్తింపుతో పాటు ఇనుముకి రంగు రాలేదు. 2002 డిసెంబరులో ఒక భాగం కూలింది, 2003లో రెండుసార్లు కాలింది. ఒడ్డున దాని ముఖద్వారం దగ్గర 2016లో పైకెక్కి ఊరు చూసే 162 మీటర్ల ఐ360 గోపురం లేపారు. అనుకున్నంత జనం రాలేదు, 2024లో దాన్ని నడిపే సంస్థ దివాలా తీసింది.

మాగ్నస్ వోల్క్ 1883 ఆగస్టు 4న తీరం వెంబడి చిన్న కరెంటు రైలు నడిపాడు, ప్రపంచంలో ఇప్పటికీ నడుస్తున్న కరెంటు రైళ్లలో అన్నిటికన్నా పాతది అదే. దాన్ని తూర్పున రాటింగ్‌డీన్ దాకా పొడిగించాలంటే సుద్దకొండ అడ్డం. అందుకని 1896 నవంబరు 28న సముద్రంలోనే పట్టాలు వేసి, ఏడు మీటర్ల ఎత్తు కాళ్ల మీద నిలబడే బండి తెచ్చాడు. వారం తిరగకముందే, డిసెంబరు 4 రాత్రి, వచ్చిన తుపాను ఆ బండిని బోర్లా పడేసింది, చెయిన్ పియర్‌ని పూర్తిగా కూల్చింది. ఆ దూలాలు కొట్టుకొచ్చి వోల్క్ పట్టాలనీ, వెస్ట్ పియర్‌నీ, కడుతున్న కొత్త పియర్‌నీ గుద్దాయి. కొత్త పియర్ కట్టుకోవాలంటే చెయిన్ పియర్‌ని కూల్చాలన్నది అనుమతిలోని షరతు, ఆ పని తుపానే చేసింది. ఆ కొత్తదే 1899లో తెరిచిన ప్యాలెస్ పియర్, పొడవు 1,722 అడుగులు. కాళ్ల బండిని మళ్లీ బాగుచేసి నడిపారు గానీ పోటు వేళ నీళ్లను చీల్చుకుంటూ పోవడానికి మోటార్ల బలం చాలలేదు. తర్వాత గ్రోయిన్లను పొడిగించాలని ఊరి పాలకులు పట్టాల్ని సముద్రంలో ఇంకా లోపలికి జరపమన్నారు, వోల్క్ దగ్గర డబ్బు లేదు, 1901లో ఆగిపోయింది.

మొదటి ప్రపంచయుద్ధం భాగాన్ని మీరు తప్పక చూడాలి. 1914 డిసెంబరు నుంచి 1916 జనవరి దాకా రాజభవనం, డోమ్, పక్కనున్న ధాన్యపు హాలు ఫ్రాన్సులో గాయపడ్డ భారతీయ సైనికులకి ఆసుపత్రి. నాలుగు వేల మంది పైగా అక్కడ వైద్యం పొందారు. తొమ్మిది వంటశాలలు, హిందువులకీ ముస్లింలకీ వేరు కుళాయిలు, ఉర్దూ, హిందీ, గురుముఖిలో బోర్డులు ఉండేవి. రాజు తన కోటనే ఇచ్చాడని భారతదేశంలో ప్రచారం చేశారు. భవనం అప్పటికి అరవై ఏళ్లకు పైగా ఊరిదే. అదే సమయంలో సైనికులు స్వేచ్ఛగా ఊళ్లో తిరగడానికి కట్టడి ఉండేది, ముఖ్యంగా భారతీయ సైనికుల కోసం ఊళ్లో ఉన్న మరో ఆసుపత్రి, కిచెనర్ ఆసుపత్రిలో. చనిపోయిన హిందూ, సిక్కు సైనికులు 53 మందికి ఊరి ఉత్తరాన పాచం పైన కొండ మీద దహనం చేశారు, 1921 ఫిబ్రవరి 1న ఆ చోట ఛత్రీ అనే స్మారక మండపం వెలిసింది. ముస్లిం సైనికుల్ని వోకింగ్‌లో ఖననం చేశారు.

ఆ తర్వాతి కాలం త్వరగా చెప్పొచ్చు. 1933లో లండన్ దారికి కరెంటు వచ్చి ప్రయాణం గంటకి దిగింది, విడిది ఊరు లండన్ ఉద్యోగుల నివాసం కూడా అయింది. 1940లో శత్రువు దిగకుండా తీరంలో మందుపాతరలు పాతారు, పియర్ల మధ్య భాగాలు తీసేశారు. 1960ల నుంచి చవక విమానాల్లో జనం స్పెయిన్ ఎండకి పోయారు. మిగతా తీరపు ఊళ్లు అప్పుడు చితికిపోతే బ్రైటన్ నిలబడటానికి కారణం 1961లో వచ్చిన మీ యూనివర్సిటీ, 1977లో కట్టిన సదస్సుల కేంద్రం, మళ్లీ ఆ గంట ప్రయాణం.

చూడటానికి ఆదివారాలు వద్దు, రద్దీ. ముందు పోటు ఆటుల పట్టిక చూసుకోండి. పెద్ద ఆటు రోజుల్లో నీరు పోటుకన్నా ఆరు మీటర్ల దాకా దిగుతుంది, అమావాస్య, పౌర్ణమి తర్వాత ఒకటి రెండు రోజులు సరైనవి. అప్పుడు బ్లాక్ రాక్ నుంచి తూర్పుకి నడిస్తే కాళ్ల బండి పట్టాలు ఆనిన కాంక్రీటు దిమ్మెలు బయటపడి ఉంటాయి. నీరు తిరిగేటప్పుడు కొండకీ సముద్రానికీ మధ్య చిక్కుకోకుండా, ఆటు పూర్తయ్యే గంట ముందే మొదలుపెట్టి, నీరు తిరగ్గానే గోడ పైకి వచ్చేయండి. రాతి పాచి మీద జారుతుంది, చెప్పులు పనికిరావు. ప్యాలెస్ పియర్ మీద చెయిన్ పియర్ పాత టిక్కెట్ గదులు, సంకేతపు ఫిరంగి ఉన్నాయి. పియర్‌కి తూర్పున మదీరా టెర్రస్ అనే 1890ల పోత ఇనుప కమానుల వరస చూడండి. తుప్పువల్ల 2014లో కంచె వేశారు, ఇప్పుడు భాగాలుగా బాగుచేస్తున్నారు. రస్సెల్ ఇల్లున్న చోట లేచిన రాయల్ ఆల్బియన్ హోటల్ 2023 జులైలో కాలింది. ఛత్రీకి కారు దారి లేదు. పాచం వైపు నుంచి కొండ మీదికి కాలిబాటన వెళ్లాలి, వానపడితే సుద్ద బంక అవుతుంది.

పత్రాలు చూడాలనుకుంటే మీకు అదృష్టం ఉంది. ద కీప్ అనే పత్రాలయం ఫాల్మర్‌లో మీ క్యాంపస్‌కి నడక దూరంలోనే ఉంది. ఊరి పాత పటాలు, పియర్ కంపెనీల పత్రాలు, ఇళ్ల దస్తావేజులు అక్కడ చూడొచ్చు. పెన్ను తీసుకెళ్లకండి, లోపలికి పెన్సిలే అనుమతిస్తారు. అద్దెకున్న వీధి పేరుతో ముందు పటం అడగండి, తర్వాత ఆ వీధి జనాభా లెక్కల పేజీ. ఒకే ఇంట్లో ఎంతమంది అద్దెగదుల్లో ఉన్నారు, వాళ్ల వృత్తి ఏమిటి అన్నది అందులో ఉంటుంది. 1841కి, 1851కి రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే రైలు తెచ్చిన మార్పు మీ వీధిలోనే కనిపిస్తుంది.